కత్తిరించకండి, చెరపకండి: ఫోన్లో దాచే సాక్ష్యాలపై మీ ప్రశ్నలు

ఫోన్లో వచ్చే బెదిరింపుల గురించి పోయిన నెల రాసిన దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: వీటిని ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి, దాచినవి రేపు పనికొస్తాయా? ఫోన్లు పరీక్షించే ల్యాబ్‌లో పదహారేళ్లు పనిచేశాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా బాధితుల పక్కన కూర్చుని వాళ్ల ఫోన్లు చూస్తున్నాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, ఆనవాళ్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నా భర్త రోజూ నా ఫోన్ తీసుకుని చూస్తాడు. కొట్టిన గుర్తుల ఫొటోలు, తిట్టిన వాయిస్ మెసేజ్‌లు దాచుకోవాలని ఉంది. సాక్ష్యాలు దాచే యాప్‌లు ఉంటాయని, పైకి క్యాలిక్యులేటర్‌లా కనిపిస్తాయని నా స్నేహితురాలు చెప్పింది. వేసుకోమంటారా?

జవాబు: ఆ ఫోన్లో వద్దమ్మా.

మీ ఉత్తరంలో మొదటి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. రోజూ మీ ఫోన్ అతని చేతికి వెళ్తోంది. అలాంటి ఫోన్లో యాప్ ఎంత బాగా దాక్కున్నా జాడ మిగులుతుంది. యాప్ స్టోర్‌లో డౌన్‌లోడ్ చరిత్ర ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా ఉంటుంది. బ్యాటరీ ఎవరు వాడారు, స్టోరేజ్ ఎవరు తిన్నారు అనే లెక్కలుంటాయి. ఒకే ఫోన్లో రెండు క్యాలిక్యులేటర్లు ఎందుకున్నాయని అతను అడిగితే మీరేం చెబుతారు? దాచిన సాక్ష్యం దొరికిపోయిన రాత్రే ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్లను నేను చూశాను. ముందు మీ ప్రాణం. సాక్ష్యం దాని తర్వాతే.

కాబట్టి అతని చేయి పడని ఫోన్ ఒకటి చూసుకోండి. మీ అక్కదో, ఆ స్నేహితురాలిదో కావచ్చు. ఆ ఫోన్లోనే కొత్త ఈమెయిల్ తెరవండి, దాన్ని మీ ఫోన్లో ఒక్కసారి కూడా తెరవకండి. పాస్‌వర్డ్ పిల్లల పేరో, పెళ్లి తేదీయో కాకూడదు. మీ ఫోన్ నంబర్‌ని ఆ ఈమెయిల్‌కి జోడించకండి, ఓటీపీ వచ్చేది అతను చూస్తున్న ఫోన్‌కే.

ఇంకొకటి చాలామందికి తట్టదు. ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే క్లౌడ్ ఖాతాతో నడుస్తుంటే, మీరు స్నానాల గదిలో తీసుకున్న ఫొటో హాల్లో ఉన్న ట్యాబ్‌లో ప్రత్యక్షమవుతుంది. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ పేరు కనిపిస్తే మీ సంభాషణలు ఇంకెక్కడో కూడా తెరుచుకుని ఉన్నట్టే.

మీరు ఎవరికీ చెప్పని మాట అతనికి తెలిసిపోతోందా? మీరు వెళ్లిన చోటికే అతనూ వస్తున్నాడా? అయితే ఫోన్లో నిఘా యాప్ ఉందేమో అనుమానించాలి. అది ఉన్న ఫోన్లో ఏ రహస్య యాప్ వేసినా ప్రయోజనం లేదు, మీరు తెరపై చూసేది అతనూ చూడగలడు. కంగారుపడి మీరే తీసేయకండి. తీసేస్తే అతనికి వెంటనే తెలుస్తుంది. పైగా ఆ యాప్ ఉండటమే ఒక సాక్ష్యం. బాధితులతో పనిచేసేవారి దగ్గరికో, లాయర్ దగ్గరికో వెళ్లి, ఎలా బయటపడాలో ముందు ఆలోచించుకుని అప్పుడు ముట్టుకోండి.

ఇక యాప్‌ల సంగతి. అమెరికాలో గృహహింస బాధితుల కోసం పనిచేసే జాతీయ సంస్థల కూటమి డాక్యుసేఫ్ అనే యాప్ తయారు చేయించింది. ఏ రోజు, ఏ సమయానికి, ఏం జరిగిందో రాసుకుని, దానికి ఫొటోనో స్క్రీన్‌షాటో జతచేసి, కావలసినప్పుడు మొత్తాన్ని ఒక వరసలో బయటకు తీసుకునేలా దాన్ని తయారు చేశారు. నాకు నచ్చింది ఆ వరసే. భయంలో ఉన్న మనిషికి జరిగినవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మంగళవారం తోసింది, శుక్రవారం చెంప పగలగొట్టింది రెండూ ఒకే గొడవగా గుర్తుంటాయి. అదే రోజు రాసి పెట్టుకుంటే అలా కలవవు. టెల్లా అని ఇంకొకటి ఉంది. అందులో తీసిన ఫొటో గ్యాలరీకి వెళ్లదు, యాప్ లోపలే తాళం వేసి ఉంటుంది. మీ స్నేహితురాలు చెప్పిన క్యాలిక్యులేటర్ వేషం ఆండ్రాయిడ్‌లో దానికి ఉంది.

ఏది వేసుకున్నా ఒక మాట గుర్తుంచుకోండి. లోపల ఉన్నవి మీ ఫోన్లోనే ఉండే యాప్ అయితే, ఫోన్ పగిలినా పోయినా అవీ పోతాయి. తాళం మరిచిపోతే తీసే మార్గం లేని యాప్‌లు ఉన్నాయి, అవి నిజంగా భద్రమైనవి కాబట్టే అలా ఉంటాయి. అందుకని రెండో కాపీ అక్క దగ్గర పెన్‌డ్రైవ్‌లోనో, లాయర్ దగ్గరో ఉండాలి.

ఫొటోలు తీసేటప్పుడు గాయం దగ్గరికి వెళ్లి ఒక్కటి తీసి ఊరుకోకండి. మొదట మీ ముఖం, గాయం రెండూ కనిపించేలా కాస్త దూరం నుంచి తీయండి. తర్వాత ఆ చెయ్యి మొత్తం. తర్వాత దగ్గరగా, పక్కన ఒక నాణెమో స్కేలో పెట్టి. ఫిల్టర్లు వద్దు, వెలుతురు కోసం ఎడిట్ చేయొద్దు. మరుసటి రోజు మళ్లీ తీయండి, మూడో రోజూ తీయండి. కమిలిన గాయం మొదటి గంటల్లో పెద్దగా కనిపించకపోవచ్చు, తర్వాత ముదురుతుంది, రంగు మారుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగితే తప్పకుండా వెళ్లండి. ఆ చీటీ ముందు ఏ యాప్ అయినా చిన్నదే.

ప్రశ్న: మా చెల్లెలిని ఆఫీసులో ఒకతను ఏడాదిగా మెసేజ్‌లతో వేధిస్తున్నాడు. స్క్రీన్‌షాట్లన్నీ నాకు వాట్సాప్‌లో పంపింది, నేను దాచాను. ఇవి కోర్టులో నిలబడవని లాయర్ గారు అంటున్నారు. ‘హ్యాష్’ తీయించాలట. అదేమిటి? ఇన్నాళ్లు దాచింది వృథాయేనా?

జవాబు: వృథా కాదు. అయితే లాయర్ గారి భయంలో అర్థం ఉంది.

ఒకావిడ ఫోన్ ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది. అందులో 41 స్క్రీన్‌షాట్లు. అన్నీ కత్తిరించి ఉన్నాయి. ‘నీ సంగతి చూస్తా’ అన్న ఒక్క ముక్క, దాని చుట్టూ ఏమీ లేదు. పంపినవాడి పేరు లేదు, నంబర్ లేదు, తేదీ లేదు. ఇలా ఎందుకు కత్తిరించారమ్మా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: ప్రతి బెదిరింపుకీ పైన తను బతిమాలుకున్న మాటలున్నాయి, ‘ఈ ఒక్కసారికి వదిలేయండి, మీ కాళ్లు పట్టుకుంటా’ అని. అవి పరాయివాళ్లు చదవకూడదని తీసేసింది. ఆ బతిమాలిన మాటలే ఆమె ఎంత భయపడిందో చెప్పే సాక్ష్యం. అదృష్టం బాగుండి పాత ఫోన్లో అసలు సంభాషణ ఉంది. లేకపోతే ఆ 41 ముక్కల్ని ఎవరైనా టైప్ చేసి తయారు చేసుకోవచ్చని అవతలి లాయర్ తేలిగ్గా అనేవాడు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరు చేసిందీ అదే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, గాయపడిన ఒక అమ్మాయిని ఫొటో నాకు మెసేజ్‌లో పంపమన్నాను. పంపింది. తన ఫోన్లో ఉంచడం ప్రమాదమని అసలుది చెరిపేసింది. నా దగ్గరికొచ్చిన కాపీలో ఎప్పుడు తీశారన్న సమాచారమే లేదు. మెసేజింగ్ యాప్‌లు మామూలుగా పంపిన ఫొటోని కుదించి పంపుతాయి, ఆ దారిలో ఫొటో లోపలి తేదీ, కెమెరా వివరాలు రాలిపోతాయి. ‘ఇది ఏ రోజు తీసింది?’ అని అవతలివాళ్లు ఒక్క ప్రశ్న వేశారు. మా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి నాకు ఎవరు ఫొటో పంపుతానన్నా ముందు చెప్పే మాట ఇదే: అసలుది చెరపకండి, పంపాల్సి వస్తే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు హ్యాష్ సంగతి. ప్రతి ఫైల్‌కీ లెక్క కట్టి తీసే వేలిముద్ర అనుకోండి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో తీస్తే 64 అంకెలు, అక్షరాల వరస వస్తుంది. నన్ను అడిగినవాళ్లకు నేను చేసి చూపిస్తాను: ఒక ఫైల్‌లో ‘రేపు వస్తాను’ అని రాసి హ్యాష్ తీస్తాను. చివర ఒక చుక్క పెట్టి మళ్లీ తీస్తాను. మారింది ఒక్క చుక్కే, వరస మాత్రం మొదటిదానికి పోలికే లేకుండా వస్తుంది. ఈ రోజు తీసి పెట్టిన హ్యాష్, రెండేళ్ల తర్వాత కోర్టులో అదే ఫైల్ మీద తీసిన హ్యాష్ ఒకటే అయితే, మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదని అర్థం. అయితే ఆ ఫైల్ మొదట్లోనే నిజమైనదని హ్యాష్ చెప్పదు. దాచిన రోజు నుంచి మారలేదని మాత్రమే చెబుతుంది. అందుకే ఎంత తొందరగా తీస్తే అంత మంచిది.

చట్టాలు కూడా దీన్ని గుర్తిస్తున్నాయి. అమెరికా ఫెడరల్ కోర్టుల సాక్ష్య నిబంధనల్లో 2017 డిసెంబర్ 1 నుంచి, హ్యాష్ లాంటి పద్ధతితో సరిచూసిన కాపీని అర్హుడైన వ్యక్తి ధ్రువపత్రంతో సమర్పించే వీలు వచ్చింది. భారత్‌లో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయడానికి చోటు పెట్టారు. ఏ దేశంలో ఏ పత్రం కావాలో అక్కడి లాయర్‌ని అడగాల్సిందే. మీ లాయర్ గారు ఆ దారిలోనే చెబుతున్నారు.

కొన్ని యాప్‌లు ఈ పనిని ఫొటో తీసేటప్పుడే చేసేస్తాయి. ప్రూఫ్‌మోడ్ అలాంటిది: మీరు ఫొటో తీయగానే సమయం, చోటు, హ్యాష్ అన్నీ పక్కన ఒక ఫైల్‌గా పెడుతుంది. దీనికి ముందే, 2015లో, లాయర్ల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ ఐవిట్‌నెస్ టు అట్రాసిటీస్ అనే యాప్ తెచ్చింది. అది ఇంటి గొడవలకు కాదు, యుద్ధ నేరాలు, ఊచకోతల కోసం. 2018లో కాంగోలోని బుకావులో సైనిక న్యాయస్థానం ఇద్దరు మిలీషియా కమాండర్లకు శిక్ష వేసిన కేసులో ఆ యాప్‌తో తీసిన ఫొటోలు సాక్ష్యంగా నిలిచాయి. ఫొటో ఎక్కడ, ఎప్పుడు తీశారో, తర్వాత దాన్ని ఎవరూ మార్చలేదని ఆ యాప్ చూపించగలిగింది. మీ చెల్లెలి కేసుకీ కావలసింది ఆ మూడు ముక్కలే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: చెల్లెలి ఫోన్ అమ్మకండి, మార్చకండి, రీసెట్ చేయకండి. ఆ సంభాషణ మొత్తం అందులో ఉన్నంతకాలం స్క్రీన్‌షాట్లు దానికి గైడు లాంటివి, అంతే. వాట్సాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ కూడా తీయండి, తేదీ, సమయంతో సహా వస్తుంది. కానీ అది ఎవరైనా దిద్దగలిగే మామూలు టెక్స్ట్ ఫైల్. అందుకే తీసిన రోజే దానికి హ్యాష్ తీసి, ఆ వరసని లాయర్ గారికి ఈమెయిల్ చేయండి. ఏ రోజు పంపారో ఆ ఈమెయిలే చెబుతుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్లు. విడిపోయిన అబ్బాయి నా ప్రైవేట్ ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడు. 24 గంటల్లో మాయమయ్యే మెసేజ్‌లు పంపుతున్నాడు. స్క్రీన్‌షాట్ తీస్తే తెలిసిపోతుందని భయం. అన్నీ డిలీట్ చేసేసి మర్చిపొమ్మని నా రూమ్మేట్ అంటోంది.

జవాబు: తల్లీ, తప్పు అతనిది. ఆ ఫొటోలు తీసుకున్నందుకు నువ్వు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

నీ రూమ్మేట్ ప్రేమతోనే అంటోంది, కానీ డిలీట్ చేయకు. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలుస్తుంది, నిజమే. వాట్సాప్‌లో ఒక్కసారి మాత్రమే తెరుచుకునే ఫొటోకి స్క్రీన్‌షాటే తీయనివ్వదు. ఈ రెండింటికీ జవాబు ఒకటే: రూమ్మేట్ ఫోన్‌తో నీ ఫోన్‌ని వీడియో తీయండి. ఇలా తీయాలి. ముందు నీ ఫోన్ మొత్తం ఫ్రేములో కనిపించాలి, పైన గడియారంతో సహా. తర్వాత అతని పేరు మీద నొక్కి నంబర్ కనిపించేలా ప్రొఫైల్ తెరువు. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, సంభాషణని నెమ్మదిగా పైనుంచి కిందికి జరుపు. మధ్యలో ఆపకు. ఆపి మళ్లీ తీస్తే మధ్యలో ఏం జరిగిందన్న ప్రశ్న వస్తుంది. తీసిన తర్వాత ఆ వీడియోని రూమ్మేట్ ఫోన్లో అలాగే ఉంచండి, ఎడిట్ చేయొద్దు. నువ్వూ, ఆమే ఆ రోజు ఏం చేశారో ఒక కాగితం మీద రాసి తేదీ వేసి సంతకాలు పెట్టండి. రేపు ఎవరైనా అడిగితే తీసిన మనిషి కూడా ఉంది.

ఈ పని అయ్యాకే అతన్ని బ్లాక్ చేయి. ఫొటో ఎక్కడైనా పెట్టేస్తే ముందు ఆ పేజీ లింకు, ఖాతా పేరు, సమయం దాచుకుని ఆ తర్వాత తీసేయమని రిపోర్ట్ చేయాలి. తీసేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంకా పెట్టకముందే ఆపే దారి కూడా ఉంది. 2021 డిసెంబర్‌లో బ్రిటన్‌లోని రివెంజ్ పోర్న్ హెల్ప్‌లైన్ స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైట్ మొదలుపెట్టింది. నీ ఫొటో నీ ఫోన్ దాటి వెళ్లదు. దాని హ్యాష్ మాత్రమే వెళ్తుంది. ఆ ఏర్పాటులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల ఎవరైనా అదే ఫొటో పెట్టబోతే ఆ హ్యాష్‌తో పోల్చి పట్టుకుంటారు. పై జవాబులో చెప్పిన వేలిముద్ర లాంటిదే ఇదీ, తీసే పద్ధతి మాత్రం వేరు. అది 18 నిండినవారికి. ఫొటో తీసినప్పుడు నీకు 18 నిండలేదా, అయితే ఆ సైట్ కాదు: అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడిపే ‘టేక్ ఇట్ డౌన్’ అలాంటి ఫొటోల కోసమే. ఆ వయసు ఫొటో అయితే దాన్ని సాక్ష్యమని కూడా ఇంకెవరికీ పంపకు, ఎవరి ఫోన్లోనూ దాచమనకు, వీడియోలో కూడా అది పడనీయకు. బెదిరించిన మాటలు మాత్రం దాచుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లు.

ఆ మెసేజ్‌లు దాచడమంటే రోజూ వాటిని చూస్తూ కూర్చోవడం కాదు. చాట్‌ని ఆర్కైవ్‌లో పెట్టు, చప్పుడు ఆపేయి. కొత్తవి వస్తే రోజుకి ఒక్కసారి రూమ్మేట్‌నే చూసి వీడియో తీయమను. ఆ పని నువ్వే చేయాలని లేదు.

ప్రశ్న: నన్ను వేధించే మనిషి ఫోన్ చేసి తిట్టేటప్పుడు రహస్యంగా రికార్డ్ చేయొచ్చా?

జవాబు: కొన్ని చోట్ల మాట్లాడేవారిలో ఒకరికి తెలిస్తే చాలు, కొన్ని చోట్ల అందరూ ఒప్పుకోవాలి, లేకపోతే రికార్డ్ చేసినవారి మీదే కేసు. మీరున్న చోటి లాయర్‌ని అడగకుండా చేయకండి. ఈలోపు కాల్ లాగ్ చెరపకండి, కాల్ అయిన పది నిమిషాల్లోపు అతను అన్న మాటలు అన్నట్టుగానే రాసుకోండి. ‘బూతులు తిట్టాడు’ అని కాదు, ఏ మాట అన్నాడో ఆ మాటే.

ప్రశ్న: నేను ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే మహిళలు తమ ఫోన్లు భద్రం కాదని ఫొటోలు, ఆడియోలు నాకు పంపేస్తుంటారు. ప్రస్తుతం ముగ్గురివి నా సొంత ఫోన్లో ఉన్నాయి. మంచి యాప్ ఏదైనా చెప్పండి.

జవాబు: చెల్లీ, మీ మనసు మంచిది. కానీ ఈ పని మీ సొంత ఫోన్లో జరగకూడదు.

ఒకరి సాక్ష్యం మీ చేతికి వచ్చిన క్షణం నుంచి దాని కథలో మీరూ ఒక పాత్ర. ఎప్పుడు వచ్చింది, ఎవరు చూశారు, ఎక్కడ ఉంది అని మిమ్మల్ని పిలిచి అడగవచ్చు. మీ ఫోన్ కూడా తెచ్చి ఇమ్మనవచ్చు. అప్పుడు ఆ ముగ్గురివే కాదు, మీ ఇంటి ఫొటోలు, మిగతా బాధితులు మీతో చెప్పుకున్న మాటలు, అన్నీ అందులోనే ఉంటాయి. మీ పిల్లలు ఆ ఫోన్ తీసుకుని గ్యాలరీ తెరిస్తే? ఫోన్ రిపేరుకి ఇస్తే? బాధితుల యాప్‌లు చాలావరకు బాధితురాలి చేతిలోనే సాక్ష్యం ఉండేలా తయారవడానికి కారణం ఇదే. అది ఆమెది. వాడాలా వద్దా, ఎప్పుడు వాడాలి అన్నది ఆమె నిర్ణయం. మీరు చేయగల గొప్ప సాయం ఆమె పక్కన కూర్చుని, ఆమెకు భద్రమైన ఫోన్లో, ఆమె ఖాతాలో దాచుకోవడం నేర్పడం.

ఆ ముగ్గురివీ ఇప్పుడే చెరిపేయకండి. ఒక్కొక్కరిని విడివిడిగా కలవండి. అసలు ఫైల్ వాళ్ల దగ్గర ఇంకా ఉందో లేదో అడగండి. లేకపోతే మీ దగ్గరున్నదే ఇప్పుడు అసలుది, దాన్ని మీ లాయర్ ముందు హ్యాష్ తీసి, వాళ్లు చెప్పిన చోటికి చేర్చండి. ఎవరి నుంచి ఏ రోజు వచ్చింది, ఎవరికి ఏ రోజు అప్పగించారు అన్నది రాసి ఇద్దరూ సంతకం చేయండి. అదంతా అయ్యాక, వాళ్లు సరేనన్నాక, లాయర్ కూడా ఒప్పుకున్నాకే మీ ఫోన్లోంచి తీసేయండి. గ్యాలరీలో తీసేసి ఊరుకోకండి. ఫోన్ ట్రాష్‌లో, క్లౌడ్ బ్యాకప్‌లో, పంపిన ఆ చాట్‌లో కూడా చూడండి.